తలుపులు మూశాక చెప్పుకునే ఫిర్యాదులు

స్వదేశీ చౌక చిన్నకార్ల యజమానుల సంఘం ప్రతి ఆదివారం క్రమం తప్పకుండా సమావేశమవుతుందని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది. సభ్యులందరూ నడిచే వస్తారు. రాగానే తలుపులు మూస్తారు, తరవాత కిటికీలు మూస్తారు, ఆ తరవాతే ఫిర్యాదులు మొదలుపెడతారు. ఒక్క ముక్క బయటికి పొక్కినా పాతబండి ధర పడిపోతుందని అందరికీ తెలుసు.

ప్లాస్టిక్ బకెట్ల వ్యాపారి ఈ సంఘంలో గౌరవ సభ్యుడు. ఆయన కారులో హారన్ నొక్కితే వైపర్ తిరుగుతుంది. వైపర్ మీట నొక్కితే ఏమీ కాదు. వాన బయట వెలిశాక తీరిగ్గా లోపల మొదలవుతుంది. సొంత సరుకే కనక సీటుకొక బకెట్ పెట్టుకున్నాడు. వెనక తలుపు బయటినుంచి తీస్తే తప్ప తెరుచుకోదు. ఆయన భార్య దిగాలంటే దారినపోయే పుణ్యాత్ముడెవరైనా కనికరించాలి.

ఇంత చవగ్గా కారు ఇచ్చినవాణ్ణి అది నడవాలని కూడా కోరడం అత్యాశ అని సంఘాధ్యక్షుడి దృఢాభిప్రాయం. ఆయన పూర్వాశ్రమంలో బీమా ఏజెంటు.

"సోదరులారా! లోపల కడుపారా ఏడుద్దాం. గడప దాటాక నోరారా నవ్వుదాం. మన కన్నీళ్లకి బేరం రాదు, మన కార్లకి వస్తుంది!"

సభ్యులు చప్పుడు బయటికి పోకుండా చప్పట్లు కొట్టారు.

వ్యాపారి లెక్క వ్యాపారికి ఉంది. మళ్లీ వానలు పడేలోగా బండిని ఎవరికైనా అంటగట్టాలి. ముక్కూమొహం తెలియనివాడు కొంటే దుకాణం ముందుకొచ్చి తిడతాడు. సొంత బావమరిదైతే మొహమాటానికి మింగేస్తాడు. ఆ బావమరిది ట్యూషన్లు చెప్పే లెక్కల మాస్టారు. బండి చూపిస్తానని అతన్ని ముందు, భార్యను వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. కారు నాలుగు రోడ్ల కూడలి దాకా వెళ్లి, సరిగ్గా నడిమధ్యన ఆగిపోయింది.

"ఆగిందేం బావా?"

"ఆగడం కాదోయ్, ఆలోచిస్తోంది. మిగతా కార్లు ముందూ వెనకా చూడకుండా దూసుకుపోతాయి. ఇది బుద్ధిగలది."

"మరి ఈ బకెట్లేంటి?"

"అవి నీకు ఉచితం."

అటుగా పోతున్న సంఘ సభ్యులు నలుగురు పరుగెత్తుకొచ్చారు. "మాదీ ఇదే బండండీ, బంగారం!" అని రొప్పుతూ తోశారు, తోస్తూ పొగిడారు. వ్యాపారి భయమల్లా వెనకసీటు గురించే. బావమరిది అటే తిరిగాడు.

"నువ్వు చెప్పక్కా. నిజంగా ఎలా ఉంది?"

"దేవుడిచ్చిన బండిరా తమ్ముడూ. ఇది కొన్నాక మీ బావ దారిలో ఎంత తగవులాడినా ఒక్కసారి కూడా దిగి పొమ్మనలేదు. పొమ్మంటే ఆ తలుపు ఆయనే వచ్చి తియ్యాలి కదా!"

బావమరిది కళ్లు చెమర్చాయి. వ్యాపారి ధర చెబుదామని గొంతు సవరించుకునేలోగా ఆయన చేతులు రెండూ పట్టేసుకున్నాడు.

"కాపురం నిలబెట్టిన బండిని నేను లాక్కుంటే కళ్లు పోతాయి బావా. ఇలాంటిదే కొత్తది కొనుక్కుంటా."

అన్నట్టే కొన్నాడు. పై ఆదివారానికల్లా సంఘ సమావేశానికి నడిచి వచ్చాడు. తలుపులూ కిటికీలూ మూశాక, బావ మొహంలోకే చూస్తూ గంటసేపు ఫిర్యాదు చేశాడు. లెక్కల మాస్టారు కనక అంచెలంచెలుగా, ఎక్కడా మెట్టు వదలకుండా చేశాడు. సభ ముగిసి వీధిలోకి రాగానే బావ భుజం మీద చెయ్యి వేశాడు.

"బావా, మీ బండి మరీ పాతబడింది. నాది తీసేసుకోండి. ముత్యంలాంటి బండి. ఒళ్లు దగ్గర పెట్టుకుని, ఆలోచించి నడుస్తుంది."

తాను అల్లిన మాటలే అయినా ఎదుటివాడి నోట అవి ఎంత కమ్మగా ఉన్నాయంటే, వ్యాపారి చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది.

తమకు ఇంతవరకూ ఒక్క ఫిర్యాదైనా అందలేదని కంపెనీవారు సగర్వంగా ప్రకటించారు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

నవ్వుతున్నట్టున్నారు. నవ్వండి. ఇంతకీ మీ వాకిట్లో ఉన్న బండి ఎలా ఉందండీ?

బ్రహ్మాండంగా ఉందా? అయితే ఎప్పుడు అమ్ముతున్నారు?