తెర మీద నోరు తెరిచిన మనిషి

ఆ రోజు అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్లి, కంప్యూటర్ తెర మీద నుంచి తన భర్తను తీసేయాలని మెరుగులమ్మ పొద్దున లేస్తూనే నిశ్చయించుకుంది. పట్టుమని ఐదు నిమిషాల పని కూడా కాదు.

ఆమె అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. ఏ బొమ్మ గీసినా "ఇంకొంచెం మెరుగు పెట్టాలి" అంటూ గడువు దాటించేది కాబట్టి ఆ పేరు ఖాయమైపోయింది. వాళ్ల కంపెనీ ఒక కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేస్తోంది. అది ఇంకా బజారులోకి రాలేదు. కంప్యూటర్ ఆన్ చేయగానే కనిపించే మొదటి తెరకు లోగో గీయడం ఆమె పని. తొలి రోజుల్లో అక్కడ నల్లటి తెర మీద ఒక అంకె మాత్రమే ఉండేది. తర్వాత ఆమె ఆకు గీసింది. చూసినవాళ్లంతా చెప్పు అనుకున్నారు. ఆకుకు మెరుగు పెడితే చేప అయింది. చేపను గుండ్రంగా మారిస్తే అది ఇంకెవరిదో లోగోలా ఉందని కంపెనీ లాయరు వద్దన్నాడు. ఈలోగా పైవాళ్లు సిస్టమ్ పేరే మార్చేశారు.

అక్కడ ఏదో ఒకటి పెట్టు తల్లీ అని ప్రోగ్రామర్లు ప్రాణం తీస్తుంటే, విసుగెత్తి తన ఫోన్లో ఉన్న ఫోటో ఒకటి తగిలించింది. ఆదివారం మధ్యాహ్నం సోఫాలో నిద్రపోతున్న భర్త ఫోటో అది. మొహం వరకే కత్తిరించింది. కళ్లు మూతబడి, నోరు బావిలా తెరుచుకుని ఉంది. "దయచేసి వేచి ఉండండి" అంటూ తిరిగే చక్రాన్ని సరిగ్గా ఆ నోట్లో అమర్చింది. చూసేది మన నలుగురమే కదా, బయటికి పంపేలోగా తీసేయొచ్చు అనుకుంది.

"ఇవాళ మా బ్రాంచిలో కొత్త సిస్టమ్ పరీక్షకు పెడుతున్నారు," అన్నాడు భర్త కాఫీ తాగుతూ. ఆయన బ్యాంకులో అసిస్టెంటు మేనేజరు. "మీ కంపెనీదేనట. నువ్వు గీసిన బొమ్మ చూస్తానన్నమాట."

మెరుగులమ్మ చేతిలో బ్రెడ్డు ముక్క అలాగే ఆగిపోయింది. "బొమ్మేం బాగుండదండీ. మీరు చూడకండి," అంది.

"నీకు ఏదీ బాగుండదు," అని ఆయన చొక్కా ఇస్త్రీ చూసుకుంటూ వెళ్లిపోయాడు.

ఆమె పరుగులాంటి నడకతో ఆఫీసు చేరేసరికి, పరీక్ష వెర్షన్లు బయటికి పంపే ఉద్యోగి తన సీట్లో ఉన్నాడు. వయసులో పెద్దవాడు, మాటలో నిదానం. అందరూ బాబాయ్ అంటారు.

"బాబాయ్, ఇవాళ్టి వెర్షన్ ఆపండి."

"నిన్న సాయంత్రమే పంపేశానమ్మా. బయట పరీక్షించేవాళ్లందరికీ."

"ఆ మొదటి తెర మీద ఉన్న మనిషితో పెద్ద ఇబ్బంది వచ్చి పడింది బాబాయ్. ఎవరూ చూడకముందే తీసేయాలి. ఎందుకని మాత్రం అడక్కండి."

బాబాయ్ ఎందుకని అడగలేదు. ముప్పును ఊహించుకుని, ఆమె కొత్త బొమ్మ వెతుక్కునే లోపలే అందరికీ ఒక హెచ్చరిక పంపించాడు. 'మొదటి తెరపై కనిపించే వ్యక్తి వల్ల తీవ్రమైన ఇబ్బంది ఏర్పడింది. కనిపించిన వెంటనే తెలియజేయగలరు.' ఆయన రాసింది తెర గురించి. బ్యాంకువాళ్లు చదువుకున్నది వ్యక్తి గురించి.

కాసేపటికి భర్త నుంచి ఫోను వచ్చింది. మెరుగులమ్మ చెమటలు తుడుచుకుంటూ ఎత్తింది.

"మీ సిస్టమ్‌లోకి ఎవడో దొంగ దూరాడటగా," అన్నాడాయన గొంతు తగ్గించి. "వాడి మొహం మా తెర మీదికి వచ్చింది. ప్రింటు తీయించి గేటు దగ్గర, కౌంటర్ల దగ్గర నేనే స్వయంగా అతికించాను. గార్డుకు కూడా చెప్పాను, ఈ మొహం లోపలికి వస్తే వదలొద్దని."

"గార్డు... మిమ్మల్ని ఏమైనా అన్నాడా?"

"నన్నెందుకంటాడు? సెల్యూట్ కొట్టాడు. సరేగానీ, వాడి నోరు చూశావా? ఇలాంటివాడితో కాపురం చేసే ఆవిడ ఎవరోగానీ, పాపం."

మెరుగులమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏదో ఒకటి మొదలుపెట్టేలోపే డైరెక్టరు గదిలోంచి పిలుపు వచ్చింది. ఉద్యోగం ఊడినట్టే అనుకుంది. దారిలో తన కుర్చీ వైపు ఒకసారి తిరిగి చూసుకుంది కూడా.

గదిలో డైరెక్టరు, లాయరు ఉన్నారు. గోడ మీది పెద్ద తెరపై భర్త నోరు తెరిచి ఉన్నాడు. అందులో చక్రం తిరుగుతోంది.

"ఎవరీయన?" అన్నాడు డైరెక్టరు.

ఇక దాచి లాభం లేదనుకుంది. "మావారు సార్."

"ఆకు పెట్టినప్పుడు పరీక్షించేవాళ్లు సిస్టమ్ నత్తలా ఉందని తిట్టారు. చేప పెట్టినప్పుడూ తిట్టారు. ఈయన్ని పెట్టాక వేగం పెరిగిందని మెచ్చుకుంటున్నారు. లోపల మనం మార్చింది ఏమీ లేదు. చూస్తూ కూర్చుంటే టైమే తెలియడం లేదట." డైరెక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. "ఈయన్నే ఉంచేద్దాం. హెచ్చరిక పొరపాటున వెళ్లిందని బాబాయ్‌తో చెప్పించాను."

లాయరు ఒక కాగితం ముందుకు తోశాడు. "ఆయన ఒప్పుకున్నట్టు రేపటికల్లా సంతకం కావాలి. లేకపోతే అనుమతి లేకుండా మనిషి ఫోటో వాడినందుకు మీరే జవాబు చెప్పుకోవాలి."

ఆ విధంగా, అది తన భర్త కాదన్నట్టు మధ్యాహ్నం దాకా అవస్థ పడ్డ మెరుగులమ్మ, సాయంత్రం అది తన భర్తేనని రుజువు చేయడానికి ఇంటికి వెళ్లాల్సి వచ్చింది.

ఆయన గోడ మీంచి పీకిన ప్రింటు ఒకటి వెంట తెచ్చుకున్నాడు. సోఫాలో కూర్చుని, భార్య చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

"నేను కాదు," అన్నాడు.

"మీరేనండీ. నేనే తీశాను."

"నేను నిద్రలో నోరు తెరవను. బ్రాంచి మొత్తం రోజంతా ఈ మొహం చూసింది, ఒక్కడన్నా అది నేనని అన్నాడా? సంతకం పెడితే దొంగ సంతకం అవుతుంది. బ్యాంకు ఉద్యోగిని, ఆ పని చేయను."

ఆమె ఫోను తీసి అసలు ఫోటో చూపించబోయింది. అది ఇంట్లో కనబడకూడదని నెల కిందట తనే చెరిపేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ మాటలకు లోపలి గదిలోంచి అత్తగారు వచ్చింది. ప్రింటు అందుకుని, కళ్లజోడు సర్దుకుని, దీపం దగ్గరికి తీసుకెళ్లి చూసింది.

"మీ మామగారే కదమ్మా ఇది," అంది మెల్లగా. "ఆయన పోయాక ఇలాంటి ఫోటో ఒక్కటన్నా లేదని ఎంత బాధపడ్డానో. నీకెక్కడ దొరికింది?"

భర్త లేచి వచ్చి తల్లి భుజం మీదుగా చూశాడు. "అవును. నాన్నే," అన్నాడు. "నాన్ననే దొంగ అని అతికించాను."

"కంపెనీవాళ్లకు కావాలంటే వాడుకోనీ అమ్మాయ్. పదిమందీ చూస్తారు. కాగితం ఏదీ, నేను పెడతాను సంతకం."

మెరుగులమ్మ నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. పక్కకెళ్లి లాయరుకు ఫోను చేసి, ఫోటో మామగారిదని ఇంట్లో తేల్చారని చెప్పి, పోయినవారి తరఫున భార్య సంతకం చెల్లుతుందా అని అడిగింది. బ్రహ్మాండంగా చెల్లుతుందన్నాడు. కాగితం అత్తగారి ముందు పెట్టి, పెన్ను అందించింది.

ఫోటోకు ఫ్రేము కట్టించి హాల్లో పెట్టారు. భర్త రోజూ బ్యాంకుకు బయల్దేరే ముందు దాని ఎదుట కాసేపు నిలబడి, నాన్న మొహంలోని ఆ ప్రశాంతత తనకు మాత్రం రాలేదని నిట్టూరుస్తాడు.