పిన్ని టాబ్లెట్‌లో బ్యాక్ బటన్

బ్యాక్ బటన్ ఒక్కో బ్రౌజర్‌లో ఒక్కోలా పనిచేయడం మానవజాతికి దక్కిన వరం! నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నా.

మా ఆఫీసు ఉద్యోగ దరఖాస్తుల సైటు నడుపుతుంది. ఏడు పేజీల ఫారం. నిజానికి ఏడు పేజీలేం లేవు, ఒకే పేజీ ఏడు వేషాలు వేస్తుంది. ఏ వేషం తర్వాత ఏ వేషమో గుర్తుపెట్టుకోవాల్సింది బ్రౌజర్. నా లాప్‌టాప్‌లోది బుద్ధిగా గుర్తుపెట్టుకుంటుంది. మా పిన్ని పాత టాబ్లెట్‌లోది మాత్రం బ్యాక్ నొక్కగానే తెల్లమొహం వేసి మొదటి పేజీలో నిలబడుతుంది. నింపిందంతా మాయం!

ఎంత మేలో చూడండి! పిన్ని సంగీతం టీచర్ ఉద్యోగానికి అప్లై చేస్తోంది. సాయంత్రం ఐదింటికి గడువు. ఐదో పేజీలో ఫోన్ నంబరు తప్పు కొట్టానని ఆరో పేజీలో గుర్తొచ్చేది, బ్యాక్ నొక్కేది, మొదటికొచ్చేది. నాలుగుసార్లు! ఇప్పుడు తన బడి, మార్కులు, అనుభవం నిద్రలో లేపి అడిగినా గడగడా చెబుతుంది. ఇంటర్వ్యూకి ఇంత తర్ఫీదు ఏ కోచింగ్ సెంటర్ ఇస్తుంది?

పైగా బంధాలు బలపడతాయి. ఏడాదిగా ఫోన్ చేయని పిన్ని ఆ మధ్యాహ్నం తొమ్మిదిసార్లు చేసింది.

“ఒరేయ్, ఈ సైటు చేసింది నువ్వేనట్రా?”

“టీం అంతా కలిసి చేశాం పిన్నీ.”

“అంతమంది కలిసి చేశారా దీన్ని!”

మేనేజర్ దగ్గరికి పరిగెత్తా. ఆయన తన ఫోన్ తీసి బ్యాక్ నొక్కి చూశారు.

“నాకు బానే వస్తోందిగా?”

“పిన్ని టాబ్లెట్‌లో రావట్లేదు సార్.”

“అయితే అది బగ్ కాదోయ్, మీ పిన్ని. కంప్లైంట్ క్లోజ్ చేసెయ్.”

అప్పటికి నాలుగున్నర. ఉండబట్టలేక, ఎవరికీ చెప్పకుండా కోడ్‌లో ఒక్క లైను మార్చి సైట్లో పెట్టేశా. పిన్ని ఐదోసారి నింపి, దర్జాగా బ్యాక్ నొక్కి, నంబరు దిద్ది, ఐదుకి మూడు నిమిషాల ముందు పంపేసింది!

ఐదూ ఐదుకి మేనేజర్ గదిలోంచి కేక.

“ఏమైందయ్యా ఈ సైటుకి! నా ఫోన్‌లో బ్యాక్ నొక్కితే మొదటికి పోతోంది! ఎమర్జెన్సీ! అందరూ రండి!”

నా ఒక్క లైను పిన్ని టాబ్లెట్ జబ్బుని ఆయన ఫోన్‌కి అంటించిందన్నమాట! పదకొండుమందిమి ఉరికాం. అన్ని బ్రౌజర్లలోనూ ఒకేలా నడిచేలా బాగుచేయడానికి ఎంతసేపు పట్టిందనుకున్నారు? ఇరవై నిమిషాలు! పద్నాలుగు నెలలుగా, ఎవరు ఫిర్యాదు చేసినా, మేం క్లోజ్ చేస్తూ వచ్చిన బగ్ అది.

అందుకే మళ్లీ చెబుతున్నా, బగ్ ఒక వరం. కాకపోతే జనాల ఫోన్లలో పుట్టి వృథా అయిపోతోంది. నేరుగా మేనేజర్ ఫోన్‌లో పుట్టాలి!