పదో నంబరు జెర్సీలో అధ్యక్షులవారు

మన జాతీయ ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షులవారిని మార్చాలని గోల చేస్తున్నవాళ్లందరినీ ఒక్క మాట అడుగుతాను. మీకు బుద్ధుందా? ఇంత అవినీతి ఒక్క చేతిమీదుగా సక్రమంగా సాగిపోతుంటే, తీసుకెళ్లి దాన్ని నలుగురి చేతుల్లో పెడతారా?

కొత్తవాడొస్తే ఏమవుతుందో ఆలోచించారా? వాడికీ బావమరుదులుంటారు. వాళ్లకీ పదవులు కావాలి. మన అధ్యక్షులవారి బావమరుదులందరికీ పదవులు ఎప్పుడో అందాయి. పెద్దబావమరిది కోశాధికారి. చిన్నబావమరిది బంతుల్లో గాలి సరిపోయిందో లేదో చూసే డైరెక్టర్. ఆ పని మళ్లీ మొదటినుంచీ ఎవరు చేస్తారండీ?

మైదానంలో గడ్డి లేదని ఏడుస్తారు. అధ్యక్షులవారి ఇంటి ముందు లేదా? దేశం గడ్డి దేశంలోనే ఉంది కదా! పైగా అక్కడ పూటపూటా నీళ్లు పడుతున్నారు. మైదానంలోనే ఉంటే జాలీ దయా లేకుండా ఆటగాళ్లు బూట్లతో తొక్కేసేవాళ్లు.

ఎప్పుడూ ఓడిపోతున్నామంటారు. గెలిస్తే ఊరేగింపులు, హారన్లు, ట్రాఫిక్ జామ్‌లు! ఇన్నేళ్లుగా ఒక్క అంబులెన్స్ కూడా ఫుట్‌బాల్ వల్ల ఆగలేదు. ఈ ఘనత ఎవరిది? చెప్పండి!

ఈ కాలమ్‌లో చాలాకాలంగా నేను ఈ ధోరణిలోనే రాస్తున్నాను. చదివేవాళ్లు నవ్వుకుని పేజీ తిప్పేస్తారు. అధ్యక్షులవారు మాత్రం నవ్వలేదు. ఆయన ప్రతి అక్షరాన్నీ నమ్మారు! నా వ్యాసాలను కత్తిరించి, ఫ్రేములు కట్టించి, తన గదిలో కప్పులు ఉండాల్సిన అలమారలో వరసగా పెట్టుకున్నారు. కప్పులు ఎలాగూ లేవు కనుక చోటుకు ఇబ్బంది రాలేదు.

ఒకరోజు ఫోన్ చేశారు. "మా గురించి నిజం రాసేది మీరొక్కరే సార్! మిగతావాళ్లంతా కడుపుమంట బ్యాచ్. సంస్కరణల కమిటీ వేస్తున్నాం, మీరు సభ్యుడిగా రావాలి. కాదంటే నామీద ఒట్టే!" అన్నారు.

కమిటీకి చైర్మన్ ఎవరండీ అని అడిగాను. "ఇంకెవరు, నేనే! నా తప్పులు నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తాయి సార్?" అన్నారు. ఈ మాటను ఎవరైనా కాదనగలరా? అందుకే ఒప్పుకున్నాను.

ఈ కమిటీ ఎందుకు పుట్టిందో చెప్పాలి. అంతర్జాతీయ సంఘంవారికి మన గొడవంతా తెలిసి రెండు షరతులు పెట్టారు. ఒకటి, పాలనలో పారదర్శకత ఉండాలి. రెండు, రాబోయే ఎన్నికల్లో నిలబడేవాళ్లు దేశం తరఫున కనీసం ఒక్క మ్యాచ్‌లోనైనా మైదానంలోకి దిగి ఆడినవాళ్లై ఉండాలి. ఓట్లు కూడా ఆటగాళ్లవే. కాదంటే దేశం మీద నిషేధం.

మొదటి షరతు తేలిగ్గా తీరిపోయింది. అధ్యక్షులవారి గదికి చెక్క తలుపు తీయించి గాజు తలుపు పెట్టించారు. ఇంతకన్నా పారదర్శకత ఎక్కడైనా ఉంటుందా? ఎండ పడుతోందని లోపల దళసరి కర్టెన్ వేశారు, అది వేరే సంగతి. ఆ గాజు తలుపు బిగించింది మా మేనల్లుడే.

వాడి గురించీ చెప్పాలి. మా అక్క కొడుకు. అద్దాల షాపులో పని. మనిషంత పొడవు అద్దాన్ని మెట్లమీంచి ఒక్కడే దించుతాడు, గీత పడనివ్వడు. ఆ చేతులు చూసే కోచ్ గారు వాణ్ణి జాతీయ జట్టులోకి తీసుకున్నారు. ఎనిమిదేళ్లుగా వాడు రిజర్వు గోల్‌కీపరు. అసలు గోల్‌కీపరు అధ్యక్షులవారి అల్లుడు. అల్లుడుగారు ఎన్ని గోల్సు వదిలినా ఆయన్ని కదిపేవాళ్లు లేరు. మావాడు ఎనిమిదేళ్లూ బెంచీ మీదే కూర్చున్నాడు. దేశం తరఫున ఒక్క నిమిషమంటే ఒక్క నిమిషం కూడా ఆడలేదు.

ఈ ఏడు అల్లుడుగారు నడుం నొప్పితో ఆట మానేసి ఉపాధ్యక్షులయ్యారు. ఎన్నికలకు ముందు ఒకే ఒక్క మ్యాచ్ మిగిలింది. గోల్‌లో నిలబడాల్సింది మావాడే! వాడికి మోకాళ్లు అరిగిపోయాయి, ఈ మ్యాచ్‌తో ఆట చాలించుకుంటానన్నాడు. అందుకే జట్టంతా కూడి, "అన్నా, నువ్వు అధ్యక్షుడిగా నిలబడు. మేం నిలబడితే రేపు మమ్మల్ని జట్టులోంచి పీకేస్తారు. నీ దగ్గర పీకడానికి ఇంకేముంది? ఓట్లన్నీ నీకే" అన్నారు. వాడి నామినేషన్ చెల్లాలంటే ఆ మ్యాచ్ ఆడాలి. అదీ లెక్క.

ఇక కమిటీ సమావేశం. పొడవాటి బల్ల, ఏసీ చలికి బిగుసుకుపోయిన బిస్కెట్లు, చుట్టూ బంధువర్గం. రెండో షరతు చదవగానే అందరూ ఒకరి పొట్ట వైపు ఒకరు చూసుకున్నారు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లలో అల్లుడుగారు తప్ప ఒక్కరూ బంతిని తన్నినవాళ్లు కారు. కోశాధికారికైతే బంతంటేనే భయం.

అధ్యక్షులవారు కాసేపు కళ్లు మూసుకుని, ఠక్కున బల్ల గుద్దారు. "ఇంత ఆలోచించడానికేముందయ్యా? ఆడినవాళ్లే నాయకులు కావాలంటున్నారు. సరే, నాయకులమే ఆడేద్దాం! వచ్చే మ్యాచ్‌లో దిగేది మనమే!"

చప్పట్లు మోగిపోయాయి. పాఠకులారా, గమనించండి. దేశాన్ని నిషేధం నుంచి కాపాడటానికి, బీపీని లెక్కచేయకుండా, అరవై ఏళ్లు దాటిన ఒక మనిషి నిక్కరు తొడుక్కోవడానికి సిద్ధపడ్డాడు! ఇలాంటి త్యాగం ఎక్కడైనా విన్నారా?

అధ్యక్షులవారు పదో నంబరు జెర్సీ తీసుకున్నారు. కెప్టెన్ కూడా ఆయనే. జెర్సీలన్నీ పొట్ట దగ్గర బిగుసుకుంటే దర్జీని పిలిపించి పక్కల్లో గుడ్డ అతికించారు. అన్ని స్థానాలూ నిండాయి, గోల్ ఒక్కటే మిగిలింది. అక్కడికి బంతి మనిషి మీదకే వస్తుందని తెలిసి ఎవరూ ముందుకు రాలేదు. అల్లుడుగారు నడుం పట్టుకుని అటు తిరిగారు. అప్పుడు అందరి చూపులూ నామీద పడ్డాయి.

"మీరున్నారుగా సార్! పొడుగ్గా ఉన్నారు. కమిటీ మెంబరు కూడా ఆడినట్టుంటుంది" అన్నారు అధ్యక్షులవారు.

"మరి మా మేనల్లుడో?"

"వాడు బెంచీకి అలవాటుపడ్డ కుర్రాడు సార్. అక్కడే ఉండనీండి. రూల్ ప్రకారం ఒక రిజర్వు గోల్‌కీపరు ఎలాగూ కూర్చోవాలి" అని నవ్వారు. ఆ నవ్వు చూశాక, మావాడు ఎన్నికల్లో నిలబడబోతున్న సంగతి ఆయన చెవిన పడిందని నాకు అర్థమైంది.

సాయంత్రం అద్దాల షాపుకు వెళ్లాను. మావాడు ఒక కిటికీ అద్దాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు. విషయం చెప్పాను. చెయ్యి ఆగింది.

"అంటే నా చోట్లో నువ్వా మామయ్యా?"

"నేనడగలేదురా."

"తెలుసులే. నువ్వు రాసేవి చదివి మేమంతా పడీపడీ నవ్వేవాళ్లం. ఆయన నిజమనుకుంటాడని ఎవరికి తెలుసు?" అని మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు. అద్దం మీద ఆవిరి ఊది, "అమ్మకి ఇప్పుడే చెప్పొద్దు. మ్యాచ్ చూడ్డానికి కొత్త కళ్లజోడు చేయించుకుంది" అన్నాడు.

ఇన్నేళ్లూ అక్షరాలతో కితకితలు పెట్టి ఏదో పొడిచేశాననుకున్నాను. చివరికి ఆ అక్షరాలే వెళ్లి వాడి చోట్లో నన్ను నిలబెట్టాయి. నిజంగా సిగ్గేసింది.

మ్యాచ్ రోజు రానే వచ్చింది. స్టేడియంలో జనం, వరండాలో జనం. మన అసలు ఆటగాళ్లంతా "విశ్రాంతి" పేరుతో బెంచీ మీద. వాళ్ల చివర్న మా మేనల్లుడు, చేతులకు గ్లవ్స్ తొడుక్కుని మరీ కూర్చున్నాడు. మూడో వరసలో మా అక్క, కొత్త కళ్లజోడుతో, నన్ను నమిలి మింగేసేలా చూస్తోంది.

ఆట గురించి వివరంగా రాయాలనే ఉంది కానీ, నేను ఎక్కువగా బంతి కోసం వెనక్కే వెళ్తూ ఉండటంవల్ల ముందు జరిగింది నాకు సరిగ్గా తెలియదు. కోశాధికారి బంతి వచ్చిన ప్రతిసారీ మర్యాదగా దారి ఇచ్చారు. చిన్నబావమరిది బంతిని ఒకసారి పట్టుకుని గాలి సరిపోయిందో లేదో నొక్కి చూశారు, విదేశీ రిఫరీ పసుపు కార్డు చూపించారు. అధ్యక్షులవారు మైదానం నడుమ నిలబడి, అందరికీ వేలు చూపిస్తూ ఆదేశాలిచ్చారు. అక్కణ్ణుంచి కదలలేదు.

మన స్కోరుబోర్డులో ఒక్క అంకెకే చోటుంది. తొమ్మిది దాకా బాగానే నడిచింది. పదో గోల్ పడగానే బోర్డు మీద సున్నా వచ్చింది. "సమం చేశాం!" అని అధ్యక్షులవారు చేతులెత్తి జనానికి దండం పెట్టారు!

ఇక కాసేపట్లో ఆట ముగుస్తుందనగా బంతి నా వైపు దొర్లుతూ వచ్చింది. నిదానంగా, పిల్లలు తన్నినట్టు. దాన్ని నేను కూడా పట్టుకోగలను. అప్పుడే బెంచీ వైపు చూశాను. మావాడు గ్లవ్స్ విప్పి ఒళ్లో పెట్టుకుంటున్నాడు.

అంతే, నేను మోకాలు పట్టుకుని కుప్పకూలిపోయాను.

"అమ్మో! పోయింది! నా మోకాలు పోయింది!" అని అరిచాను. బంతి నా పక్కనుంచే గోల్‌లోకి వెళ్లిపోయింది. పోతే పోనీండి.

అధ్యక్షులవారు జన్మలో మొదటిసారి పరుగెత్తారు. "లేవండి సార్! రెండు నిమిషాలే! ఓర్చుకోండి!" అని నా చెయ్యి పట్టి లాగారు. నేను ఇంకా గట్టిగా అరిచాను. గోల్‌కీపరు లేకుండా ఆట సాగదని రిఫరీ చెప్పారు. "బావా, నువ్వు గోల్‌లోకి పో!" అని అధ్యక్షులవారు కోశాధికారి మీద కేకేశారు. "నావల్ల కాదు బావా! కావాలంటే పదవి తీసేసుకో!" అంటూ ఆయన ఎదురు దిక్కుకు నడిచిపోయారు.

ఎన్నడూ పెదవి విప్పని కోచ్ గారు అప్పుడు లేచారు. "ఏరా, చూస్తావేం? వెళ్లు!" అన్నారు.

మావాడు వచ్చాడు. నన్ను స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే వంగి, "దెబ్బ గట్టిగా తగిలిందా మామయ్యా?" అని అడిగాడు. నేను కన్ను కొట్టాను. వాడి మొహం ఒక్కసారి ఎలాగో అయిపోయింది. గ్లవ్స్ మళ్లీ తొడుక్కుని వెళ్లి గోల్‌లో నిలబడ్డాడు.

ఆ రెండు నిమిషాల్లో ఒకే ఒక్క షాట్ వచ్చింది. పైమూలకు, గట్టిగా. వాడు ఎగిరి రెండు చేతులతో పట్టుకున్నాడు, కిందపడినా బంతిని గుండెల మీంచి వదల్లేదు. స్టేడియమంతా లేచి నిలబడింది. మా అక్క కళ్లజోడు తీసి ఏడుస్తోంది. స్ట్రెచర్ మీంచి నేనూ లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. అక్కడే దొరికిపోయాను!

మర్నాడే మావాడి నామినేషన్ పడింది. దేశం తరఫున ఆడినట్టు రిఫరీ సంతకం కూడా ఉంది. సంఘం కూడా ఊరికే కూర్చోలేదు. గడ్డి పోయినప్పుడు పడని విచారణ, కప్పులు లేనప్పుడు పడని విచారణ, ఎట్టకేలకు పడింది. మన జాతీయ ఫుట్‌బాల్ సంఘం చరిత్రలో మొట్టమొదటి విచారణ కమిటీ నా మోకాలి మీద! దెబ్బ నిజమైనదా, నటనా అన్నది తేల్చి, నటనైతే మావాడి నామినేషన్ కొట్టేస్తారట. చైర్మన్ ఎవరో చెప్పక్కర్లేదు.

అందుకే ఈ వారం కాలమ్ ద్వారా కమిటీవారికి నా వాంగ్మూలం ఇస్తున్నాను. ఇది వ్యంగ్యం కాదు, ఫ్రేము కట్టించుకోవచ్చు. అయ్యా, దెబ్బ నిజమే. ఎనిమిదేళ్లు బెంచీ మీద కాచుకున్న ఒక మంచి ఆటగాడు రెండు నిమిషాలు బంతి పట్టుకోవాలంటే, ఏనాడూ ఆడనివాడొకడు దొంగ ఏడుపు ఏడ్చి మట్టిలో దొర్లాల్సి వచ్చింది. ఆ దెబ్బ ఎక్కడ తగిలిందో మీ డాక్టరుకు ఎక్స్‌రేలో దొరకదు. దొరకలేదని మీరు వాడి నామినేషన్ కొట్టేసి ఇంకో మ్యాచ్ పెట్టిస్తారేమో, సంతోషంగా పెట్టించండి. నాకు రెండో మోకాలు కూడా ఉంది.