అమ్మకానికి కారణం: విచారణలో ఉంది

మానవజాతి నిప్పు కనుక్కుంది, చక్రం కనుక్కుంది. ఆ చక్రాలు నాలుగూ ఇంకొకరు వాడినవి కొనుక్కోవలసి వస్తే ఏమేం చూసుకోవాలో మాత్రం మా పెద్ద బావగారు కనుక్కోవలసి వచ్చింది.

ఈ శాస్త్రంలో ఆయన ఎలా ఆరితేరారని మీరు అడగవచ్చు. ఎనిమిదేళ్ళ కిందట ఒక పెద్దమనిషి మాట నమ్మి, వరదలో మూడు రోజులు మునిగిన కారు కొన్నారు. ఏసీ వేస్తే చేపల వాసన వచ్చేది. ఆ దెబ్బతో మా ఇళ్ళల్లో కార్ల విషయంలో ఆయన మాటకు తిరుగు లేకుండా పోయింది. (మోసపోకుండా కార్లు కొన్నవాళ్ళు మా బంధువుల్లో చాలామందే ఉన్నారు. వాళ్ళకి అనుభవం లేదు కాబట్టి ఎవరూ సలహా అడగరు.)

మాకు కారు అవసరం పడిన కారణం చిన్నదే. మా ఆవిడ పెద్దాసుపత్రిలో పసిపిల్లల వార్డు నర్సు. నెలలు నిండకుండా పుట్టి, రెండు అరచేతుల్లో ఇమిడిపోయే పిల్లల్ని చూసుకునే వార్డు అది. తొమ్మిదేళ్ళపాటు మిగతా వార్డులన్నీ తిరిగాక ఆవిడకి ఆ చోటు దొరికింది. వచ్చే ఒకటో తారీకు నుంచి అక్కడ పొద్దుటి షిఫ్టు ఆరింటికి మారుస్తున్నారు. మా వీధి మొగకి మొదటి బస్సు ఆరూ ఇరవైకి వస్తుంది. అద్దె బండ్ల యాప్ ఆ వేళప్పుడు 'మీ దగ్గరలో డ్రైవర్లు లేరు' అని క్షమాపణలతో సహా చెబుతుంది. హెడ్ సిస్టరు మంచిదే గాని, మాట దాచుకునే మనిషి కాదు. "ఒకటో తారీకు ఆరింటికి నువ్వు వార్డులో ఉంటే ఈ చోటు నీది. లేకపోతే వేరేవాళ్ళని వేసుకుంటాను, ఏమీ అనుకోకు" అనేసింది.

మా ఆవిడకి కారు నడపడం వచ్చు, లైసెన్సు ఉంది. నాకు ఆ రెండూ లేవు. అందుచేత కారు ఎంపిక బాధ్యత నేను తీసుకున్నాను.

నేను తీసుకున్న పది నిమిషాలకి బావగారు నా దగ్గర్నుంచి తీసేసుకుని, వాహన తనిఖీ సంఘం ఏర్పాటు చేశారు. అధ్యక్షులు ఆయనే. సభ్యులు మా పెదనాన్న. తూనికలూ కొలతల శాఖలో పనిచేసి రిటైరయ్యారు, రాయి మీద ముద్ర చూడనిదే కిలో కిలో అని ఒప్పుకోరు. కార్యదర్శిని నేను. మా ఆవిడ ప్రత్యేక ఆహ్వానితురాలు. అంటే రావచ్చు, కూర్చోవచ్చు, కారు మాత్రం ఆవిడే నడపాలి. సంఘానికి నిబంధనావళి ఒకటుంది. బావగారు పొడుగు నోట్‌బుక్కులో స్వహస్తాలతో రాసిన నూట పన్నెండు అంశాలు. ఆ నోట్‌బుక్కు మోసే గౌరవం నాకు దక్కింది.

ప్రకటన చూసి మేం వెళ్ళిన కారు ఒక డ్రాయింగు మాస్టారిది. పదకొండేళ్ళుగా ఆయనొక్కరే నడిపిన బూడిదరంగు బండి. ఇంటి ముందు రేకుల షెడ్డులో, కింద గోనెసంచి పరిచి, పైన పాత దుప్పటి కప్పి ఉంది. మాస్టారు మమ్మల్ని కూర్చోబెట్టి, డ్రాయింగు కాగితం ఒకటి చేతికిచ్చారు. కారుని నాలుగు వైపుల నుంచీ చూసి గీసిన బొమ్మ. ఎక్కడెక్కడ గీతలు పడ్డాయో ఎర్ర పెన్సిలుతో, ఎక్కడ సొట్ట ఉందో నీలం పెన్సిలుతో గుర్తు పెట్టారు. పక్కనే ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు: 'ఎడమ వెనక తలుపు గట్టి వానకి చెమ్మ పీలుస్తుంది. రెండో గేరు చలికాలం పొద్దున కాస్త మొరాయిస్తుంది. హారన్ గొంతు బొంగురు.'

బావగారి మొహంలో రంగులు మారాయి. నన్ను షెడ్డు వెనక్కి తీసుకెళ్ళారు.

"చూశావుటోయ్ బావమరిదీ! అమ్మేవాడెవడైనా తన బండి లోపాలు తనే బొమ్మ గీసి ఇస్తాడా?"

"నిజాయితీపరుడేమో, బావగారూ."

"అదే నా భయం. నిజాయితీపరుడైతే మన నోట్‌బుక్కులో ఒక్క అంశం కూడా పనికిరాదు. చిన్నవి చూపిస్తున్నాడంటే పెద్దదేదో దాస్తున్నాడు."

ఆ పెద్దదాని కోసం మేం మూడు ఆదివారాలు వెతికాం. మొదటి ఆదివారం బావగారు అయస్కాంతానికి గుడ్డ చుట్టి కారు ఒళ్ళంతా రాశారు. ఎక్కడైనా రేకు బదులు పుట్టీ ఉంటే అయస్కాంతం జారిపోతుందట. జారలేదు. పెదనాన్న భూతద్దంతో టైర్ల మీద అంకెలు చదివి, కాగితాల మీది ఇంజిన్ నంబరుని ఇంజిన్ మీది నంబరుతో ఏడుసార్లు సరిపోల్చారు. ఏడుసార్లూ సరిపోయింది. తేడా లేకుండా ఇన్నిసార్లు సరిపోవడం తన సర్వీసులో చూడలేదని రాయించారు. తివాచీ ఎత్తి వాసన చూడడం మాత్రం అధ్యక్షులు ఎవరికీ అప్పగించలేదు. కళ్ళు మూసుకుని చాలాసేపు పీల్చి, "చేపలు లేవు" అని కొంచెం నిరాశగా చెప్పారు.

రెండో ఆదివారం మెకానిక్కుని పిలిపించాం. ఊళ్ళో అందరూ ఆయన్ని క్లచ్ డాక్టరంటారు. బానెట్ ఎత్తి చూశాడు, కింద పడుకుని చూశాడు, ఇంజిన్ మీద చెయ్యి వేసి కాసేపు విన్నాడు.

"బండి బాగుంది సార్. కళ్ళు మూసుకుని తీసుకోండి."

"బాగుందంటే? ఎందులో బాగుంది?" అన్నారు బావగారు.

"అన్నిట్లోనూ సార్. రెండో గేరు ఒక్కటి చలికి పట్టేస్తుందేమో."

రెండో గేరు సంగతి అచ్చం మాస్టారు చెప్పినట్టే చెప్పాడు కాబట్టి, ఇద్దరూ కూడబలుక్కున్నారని సంఘం తేల్చింది. ఇంకో మెకానిక్కుని తెచ్చాం. ఆయన మొదటివాడికి స్పానరు పట్టుకోవడం కూడా రాదనీ, కారు మాత్రం బాగుందనీ చెప్పాడు. ఆయన్నీ అనుమానితుల జాబితాలో చేర్చాం.

ఆ సాయంత్రం మా ఆవిడ ఇంట్లో బట్టలు మడత పెడుతూ, తలెత్తకుండా అడిగింది. "ఏవండీ, ఇంక ఎనిమిది రోజులే ఉంది. ఇంతకీ ఆ కారులో ఏం తప్పు దొరికిందని?"

"ఏమీ దొరకలేదు. అదే సమస్య."

ఆవిడ మడత పెట్టిన తువ్వాలు విప్పి, మళ్ళీ మడత పెట్టింది.

ఇక మిగిలింది నిబంధనావళిలో తొంభై ఆరో అంశం: అమ్మకానికి కారణం. ప్రైవేటుగా కారు అమ్మే ప్రతివాడికీ రెండు కారణాలుంటాయనీ, ఒకటి చెప్పేదీ రెండోది నిజమైనదీ అనీ బావగారి సిద్ధాంతం. మాస్టారు మొదటి రోజే చెప్పారు, నీటికాసులు వచ్చి చూపు తగ్గిపోతోందని, ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది గాని పక్కలు మసకేస్తాయని, అయిదు నెలలుగా స్టీరింగు ముట్టుకోలేదని. నేను రాసుకున్నాను. పక్కన బావగారు 'విచారణలో ఉంది' అని రాయించారు.

మూడో ఆదివారం, అంటే ఒకటో తారీకుకి ముందురోజు, విచారణ జరిగింది. మాస్టారి భార్య అందరికీ టీ ఇచ్చారు. బావగారు నోట్‌బుక్కు తెరిపించి, ప్రయాణ పరీక్ష నియమం చదివించారు: 'బండిని యజమానే నడపవలెను. కొనువారు నడిపినచో కొనువారి సామర్థ్యము మాత్రమే తెలియును. యజమాని నడుపునప్పుడు ఏ గేరు దగ్గర చెయ్యి జంకునో గమనించిన, దాచిన రోగము బయటపడును.'

మాస్టారు నవ్వబోయి, ఆగిపోయారు. "నేను నడపలేననే కదండీ అమ్ముతున్నాను."

"అది మీరు చెప్పే కారణం మాస్టారూ. మీ మీద గౌరవం లేక కాదు. పద్ధతి" అన్నారు బావగారు.

"డాక్టరు చీటీ ఉందా? తారీకూ ముద్రా ఉండాలి" అన్నారు పెదనాన్న.

చీటీ ఉంది. ముద్ర సగమే పడింది. పెదనాన్న దాన్ని వెలుతురుకి పట్టి చూసి, తల అడ్డంగా ఊపారు.

అప్పుడు మా ఆవిడ లేచింది. "అన్నయ్యగారూ, చీటీ దేనికి? ఇందాక ఎడమ పక్కన టీ గ్లాసు పెడితే ఆయన చేత్తో తడుముకున్నారు, మీరెవరూ చూడలేదా? ఆయన్ని నడపనివ్వకండి. రేపట్నుంచి నడపాల్సింది నేను. నేను నడుపుతాను." ఇలా అంటూనే బల్ల మీది తాళాలు చేతిలోకి తీసుకుంది.

బావగారు నావైపు చూశారు. పెదనాన్న నావైపు చూశారు. మాస్టారు ఎటు చూశారో నేను చూడలేదు. ఆవిడ తరఫున నేను ఒక్క మాట అనుంటే సరిపోయేది. నేను మా ఆవిడ దగ్గరికి వెళ్ళి, "ఇచ్చెయ్, పెద్దవాళ్ళ ముందు బాగుండదు" అని తాళాలు తీసుకున్నాను. ఆవిడ వేళ్ళు ఒక్క క్షణం వదల్లేదు, తరవాత వదిలేశాయి. నాకు సిగ్గేసింది. సిగ్గు రాసుకోవడానికి నోట్‌బుక్కులో గడి లేదు.

మాస్టారు తాళాలు అందుకున్నారు. "మూడు వారాలుగా నన్ను దొంగని చూసినట్టు చూస్తున్నారు. రండి, ఎక్కండి" అన్నారు.

బావగారు ముందు సీట్లో, పెదనాన్నా నేనూ వెనక కూర్చున్నాం. మా ఆవిడ గేటు దగ్గర నిలబడి, "ఎడమవైపు చూసుకోండి మాస్టారూ, ఎడమవైపు!" అని అరుస్తూనే ఉంది. కారు చక్కగా స్టార్టయింది. మొదటి గేరు పడింది. బావగారు మాస్టారి చేతినే కన్నార్పకుండా గమనిస్తూ, "జంకు లేదు, రాసుకో" అన్నారు. నేను రాసుకున్నాను. రెండో గేరు కూడా జంకు లేకుండా పడింది. అది రాసుకుంటూండగా, ఎడమవైపు, ఎదురింటి గేటు స్తంభం మమ్మల్ని ఆపింది.

ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. ముందు బంపరు ఊడింది, ఎడమ హెడ్‌లైటు పగిలింది, మాస్టారి నుదురు చిట్లింది. మా ఆవిడ పరుగెత్తుకొచ్చి, ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి, తన చున్నీ నుదుటికి అదిమిపెట్టింది. ఆయన నావైపే తల తిప్పి అడిగారు. "బాబూ, ఇప్పుడైనా రాసుకుంటావా?"

రాసుకున్నాను. 'అమ్మకానికి కారణం: నిజమే. విచారణ ముగిసింది.'

ఆ ఒక్క గడితో నూట పన్నెండు అంశాలూ పూర్తయ్యాయి. ఇక సంతకాలే మిగిలాయని మా ఆవిడ కళ్ళల్లో కాస్త వెలుగు కనబడింది. "హెడ్‌లైటూ బంపరూ సాయంత్రానికి బిగించేస్తాడండీ క్లచ్ డాక్టరు, ఇంజిన్‌కి ఏమీ కాలేదు" అంది. బావగారు మాత్రం కారు చుట్టూ ఒకసారి తిరిగి, సొట్ట మీద అయస్కాంతం ఆనించి, నిబంధనావళి మొదటి పేజీ తియ్యమన్నారు. మొదటి అంశం చదవమన్నారు.

'ప్రమాదమునకు గురైన వాహనమును ఎట్టి పరిస్థితులలోను కొనరాదు.'

"అన్నయ్యగారూ, ప్రమాదం చేయించింది మీరు!" అంది మా ఆవిడ.

"కాదనడం లేదు చెల్లెమ్మా. అందుకే ఇందులో అనుమానానికి తావు లేదు. మామూలుగా ప్రమాదం జరిగిందో లేదో కనుక్కోవడమే కష్టం. ఇక్కడ సాక్షులం ముగ్గురం లోపలే ఉన్నాం."

పెదనాన్న కూడా ఒప్పుకున్నారు. ఇంత స్పష్టమైన రుజువు తన సర్వీసులో చూడలేదన్నారు. మాస్టారు కట్టు కట్టించుకుని, లోపలికి వెళ్ళి, నీలం పెన్సిలు తెచ్చి, బొమ్మ మీద కొత్త సొట్ట గుర్తు పెట్టారు. పక్కన తారీకు వేసి, 'ఆ సమయంలో కారులో ఉన్నవారు' అని రాసి మా ముగ్గురి పేర్లూ రాశారు. మంగళవారం పూలకొట్టు నడిపే ఒకావిడ వచ్చి, ఆ కాగితం చదివి, వీధిలో ఒక చుట్టు నడిపి చూసి, ఇరవై నిమిషాల్లో ఆ కారు కొనుక్కుపోయిందట.

ఒకటో తారీకున మా ఆవిడ నాలుగున్నరకే లేచి నడుచుకుంటూ వెళ్ళింది. నేను వీధి మొగదాకా వెంట వెళ్ళాను. ఆరూ పదకొండుకి వార్డు చేరింది. అప్పటికే ఆవిడ చోట్లో ఒకమ్మాయి గ్లవ్స్ వేసుకుంటోంది.

ఇప్పుడు ఆవిడ ఆసుపత్రి రికార్డు రూములో పనిచేస్తోంది. పాత ఫైళ్ళు అంకెల వరసలో పేర్చాలి. తొమ్మిదిన్నరకి వెళ్తే చాలు. బస్సులో సీటు కూడా దొరుకుతుంది.

సంగతి తెలిసి బావగారు సంఘాన్ని చివరిసారి సమావేశపరిచారు. కుటుంబానికి అసలు కారు అవసరమే లేదని రుజువైనందున, తొందరపడి కొనకుండా కాపాడిన సంఘాన్ని అభినందిస్తూ తీర్మానం చేశారు. కింద కార్యదర్శి సంతకం నాదే.