ఎడమ ట్యాంకులో ఆయిల్

ఆ ఉదయం డ్రైవరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి బస్సు డిపోకి వెళ్లడం, మేనేజరు చేత డ్యూటీ ఆర్డరు మీద సంతకం పెట్టించుకోవడం, సోమవారం నుంచి మళ్లీ స్టీరింగు పట్టుకోవడం. ఇరవై తొమ్మిదేళ్లు బస్సు నడిపిన మనిషిని కంటి ఆపరేషను ఆర్నెల్లుగా ఇంట్లో కూర్చోబెట్టింది. ఇప్పుడు కళ్లు బాగున్నాయని డాక్టరు రాసిచ్చాడు. అయినా ఆయనకు భయంగానే ఉంది. ఈ ఆర్నెల్లలో తాను ఎవరికీ ఏమీ కాకుండా పోయాడని ఆయన దిగులు.

అన్నాళ్లూ ఆయన్ని బతికించింది అల్లుడు వదిలేసిన పాత కంప్యూటరు. అందులో విమానం నడిపే ఆట ఉంది. ఆయన దాన్ని ఆటగా ఎన్నడూ చూడలేదు. విమానాన్ని బండి అనేవాడు, ఇంధనాన్ని ఆయిల్ అనేవాడు, ఎంత తాగిందో గంటగంటకూ పుస్తకంలో రాసేవాడు. కిందటి వారం ఆయిల్ అయిపోయి బండి సముద్రంలో పడితే రెండు రోజులు సరిగా తినలేదు, నోరు విప్పలేదు. ఆ రెండు రోజులూ భార్య ఆ ఇంట్లో ఒక్కతే ఉన్నట్టు తిరిగింది.

అందుకే తెల్లవారుజామున గాల్లోకి ఎత్తిన బండిని ఆయన తనకు అప్పజెప్పి బయల్దేరుతుంటే ఆవిడ కాదనలేకపోయింది.

"అదే పోతుంది, నువ్వేం ముట్టుకోకు. ఎడమ ఇంజను మాత్రం ఎక్కువ తాగుతోంది. రెండు ట్యాంకులకీ ఐదొందల లీటర్లు తేడా వస్తే ఫోన్ చెయ్యి. ఆర్డరు తీసుకొచ్చి నేనే దింపుతా."

"మీరు రావడం ఆలస్యమైతేనో?"

"శుభమా అని వెళ్తుంటే ఆ మాటలెందుకే?"

డిపోలో మేనేజరు గదిలోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, గుమాస్తా బల్ల మీద పెట్టి వెళ్లాలి. ఆ గుమాస్తా కొన్నాళ్లుగా ఎవరిలోనైనా దొంగనే చూస్తున్నాడు. రెండు నెలలుగా డిపోలో డీజిల్ తగ్గుతోంది. దొంగ దొరక్కపోతే ఆ పాపం తన మెడకే చుట్టుకునేలా ఉంది. డ్రైవరు లోపలికెళ్లిన ఐదు నిమిషాలకు ఫోను మోగింది. ఆగి, మళ్లీ మోగింది. గుమాస్తా విసుక్కుంటూ ఎత్తాడు.

"ఏమండీ, ఎడమ ట్యాంకులో ఆయిల్ ఐదొందలు తగ్గిపోయింది! కుడి ట్యాంకులోది ఇటు మార్చెయ్యనా, దించెయ్యనా?"

గుమాస్తా ఊపిరి బిగబట్టి, "ఊఁ" అన్నాడు.

"ఊఁ అంటే ఏది? పోయిన వారం బండినే పోగొట్టుకున్నాం, మళ్లీ అలా కానివ్వకండి."

గుమాస్తా ఫోను వదిలేసి మేనేజరు గదిలోకి పరుగెత్తాడు.

"సార్, దొంగ దొరికాడు! డీజిల్ ఈయన ఇంటి దగ్గరే దించుతున్నారు. పోయిన వారం బస్సు కూడా ఒకటి పోయిందట!"

సంతకానికి వంగిన మేనేజరు కలానికి మూత పెట్టేశాడు. అప్పటిదాకా వినిపించిన 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది.

"ఏమిటయ్యా ఇది? నువ్వేనా?"

"అది బస్సు కాదు సార్, విమానం."

"విమానాల్లో కూడా కొట్టేస్తున్నావా!"

బస్సులు లెక్కపెట్టించారు. ఒకటి తగ్గింది. అది టైర్లు మార్పించడానికి వెళ్లిందన్న సంగతి ఆ కంగారులో ఎవరికీ గుర్తు రాలేదు. ఇద్దరు కాపలావాళ్ల మధ్య డ్రైవరును జీపులో కూర్చోబెట్టారు. సొంత వీధిలోకి మలుపు తిరిగేసరికి కిటికీలన్నీ తెరుచుకున్నాయి. సిగ్గుతో ఆయన సీట్లో కిందికి జారి కూర్చున్నాడు.

భార్య తలుపు తీసింది.

"బండి ఎక్కడమ్మా?" అన్నాడు మేనేజరు.

"లోపల. త్వరగా రండి, పోయేలా ఉంది! ఈయన ఊఁ అన్నారని ఆయిల్ మార్చాను, దించడమూ మొదలెట్టాను."

మంచం పక్కన బల్ల మీద కంప్యూటరు తెరలో విమానం సముద్రం మీదికి వాలుతోంది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది మేనేజరుకు. గుమాస్తా మాత్రం మంచం కింద కూడా వంగి చూశాడు. ఈలోగా డ్రైవరు కుర్చీలోకి దూకాడు. ఇన్నాళ్లకు నలుగురి ముందు నడిపే అవకాశం వచ్చింది. ఒడ్డు కనిపించింది, రన్‌వే కనిపించింది, రెండు ట్యాంకులూ సున్నా చూపించాయి. గదిలో అందరూ చూస్తుండగా విమానం నీళ్లలో పడింది.

"కాస్త ముందే తిప్పాల్సింది," అంది భార్య మెల్లిగా.

మేనేజరు పుస్తకం తిరగేశాడు. ముప్ఫై ఒక్క ట్రిప్పులు. పన్నెండు చోట్ల, 'దారిలో ఆయిల్ అయిపోయింది, ఎవరూ మిగల్లేదు.'

"అది ఆట సార్. నిజం బస్సుకు ఇరవై తొమ్మిదేళ్లలో గీత కూడా పడలేదు."

"నాకు తెలుసండీ. కానీ రేపు ఏదన్నా జరిగితే, ఈ పుస్తకం చూసి కూడా ఎలా ఇచ్చావని నన్నే అడుగుతారు. అయినా ఆయిల్ ఇంత శ్రద్ధగా రాసేవాడు మా డిపోలో లేడు. రిటైరయ్యేదాకా మిమ్మల్ని డీజిల్ పంపు దగ్గర వేస్తాను."

'మీరు' తిరిగి వచ్చింది, స్టీరింగు రాలేదు. మేనేజరు జీపెక్కాక డ్రైవరు గోడవైపు తిరిగి ఏడ్చాడు. భార్య చాలాసేపు ఆయన వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది.

సోమవారం నుంచి ఆయన ఇతరుల బస్సులకు డీజిల్ కొడుతున్నాడు. ఇంట్లో కంప్యూటరు మొహం చూడడం మానేశాడు. సాయంత్రాలు విమానం భార్యే నడుపుతోంది; ఇంతవరకూ ఒక్కటీ పడలేదు.