బంగార్నాయుడి ఇంట్లో అరకు ప్రయాణం

ఆ పట్టణంలో ఎవరైనా ఒక పనిని రేపటికి వాయిదా వేస్తే, ఆ పని సాయంత్రంలోగా చేతిసంచి పట్టుకుని వాళ్ళ ఇంటికి వచ్చి దిగుతుంది. చెప్పులు గుమ్మం బయట విడిచి, కాళ్ళు కడుక్కుని, ఎక్కడ పడుకోవాలో అడుగుతుంది. ఇందులో ఎవరికీ వింత కనిపించదు. బదిలీ మీద కొత్తగా వచ్చిన ఉద్యోగులకు మొదట్లో కొంత ఇబ్బందిగా ఉంటుంది గాని, తర్వాత వాళ్ళూ ఒక చాప ఎక్కువ కొనుక్కుంటారు.

పురపాలక సంఘంలో దీనికోసం వాయిదాల విభాగం ఉంది. దాని ఇన్‌స్పెక్టరు సన్యాసిరావు నెలకోసారి ఇంటింటికీ వచ్చి, ఎవరింట్లో ఏ పనులు ఉంటున్నాయో, వాటికి సరిగా భోజనం పెడుతున్నారో లేదో చూసి వెళ్తాడు. నెమ్మదస్తుడు. ఆయన ఇంటి తనిఖీ మాత్రం ఎప్పటికప్పుడు వచ్చే నెలకు పడుతూ ఉంటుంది. ఆ తనిఖీ కూడా ఆయన ఇంట్లోనే మకాం పెట్టింది. సాయంత్రాలు ఇద్దరూ అరుగు మీద కూర్చుని టీ తాగుతారు.

బంగార్నాయుడు జనపనార మిల్లులో టైంకీపరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం చేసినంతకాలం ఇతరుల ఆలస్యాన్ని నిమిషాలతో సహా రాసిపెట్టిన మనిషి. ఇంటి విషయానికి వస్తే మాత్రం ఆయన నోటివెంట వచ్చే మాట ఒక్కటే, "సూద్దాం." అందుకని ఆయన ఇల్లు ఎప్పుడూ కళకళలాడుతూ ఉండేది. పెరటిగోడ మరమ్మతు అనే లావుపాటాయన వంటింటి గుమ్మానికి ఆనుకుని కూర్చునేవాడు. కళ్ళ పరీక్ష పేపరును తలకిందులుగా పట్టుకుని చదివేవాడు. గ్యాసు కనెక్షను పేరు మార్పు ఎదురుపడిన వాళ్ళనల్లా ఆధార్ జిరాక్సు అడిగేవాడు. పొద్దున్నే నడక అనే సన్నపాటి కుర్రవాడు అందరికంటే ముందు లేచి, తెల్లబూట్లు వేసుకుని గేటు దగ్గర నిలబడి, ఎండెక్కాక లోపలికి వచ్చి పడుకునేవాడు.

వీళ్ళందరికంటే ముందు వచ్చింది అరకు ప్రయాణం. బంగార్నాయుడికి పెళ్ళైన కొత్తలో భార్య సింహాచలం మేడ మీద బట్టలు ఆరేస్తూ, ఎదురుగా నీలంగా కనిపిస్తున్న కొండలు చూసి, అక్కడికి ఒకసారి వెళ్దామంది. ఆయన చూద్దామన్నాడు. దీపాలు పెట్టే వేళకు మెరూన్ రంగు స్వెట్టరు వేసుకున్న పడుచుపిల్ల ఒళ్ళో సంచి పెట్టుకుని వరండాలో కూర్చుని ఉంది. అప్పటినుంచి ఆమె ఆ సంచి విప్పలేదు. మే నెలలో కూడా స్వెట్టరు తీయలేదు. సింహాచలం ఆమెను అరకమ్మ అని పిలుచుకుంటూ, ఆమెతో కలిసి చింతపండు పిక్కలు తీస్తూ, ఊరగాయలు పెడుతూ కాలం గడిపింది. అరకు రైలు వాళ్ళ ఊరి మీదుగానే రోజూ వెళ్ళేది. అది కూత వేసినప్పుడల్లా అరకమ్మ లేచి నిలబడేది. కూత అయిపోయాక మళ్ళీ కూర్చునేది.

పనులు కూడా మనుషుల్లాగే ముసలివవుతాయి. ఆ ఏడాది వినాయకచవితి ముందు తనిఖీకి వచ్చిన సన్యాసిరావు, అరకమ్మను ఒక స్టూలు ఎక్కమన్నాడు. ఆమె గోడ పట్టుకుని, రెండుసార్లు ప్రయత్నించి, నవ్వి ఊరుకుంది.

"రైలు మెట్లు ఇంతకంటే ఎత్తు కదా, బంగార్నాయుడు గారూ," అన్నాడాయన. "దీపావళి వెళ్ళాక ఈవిణ్ణి గృహానికి పంపించేస్తాం. ఏమనుకోకండి. రూలు."

గృహమంటే మార్కెట్టు వెనక ఉన్న పసుపురంగు భవనం. దాని పూర్తి పేరు 'చేసి ఉంటే బాగుండేది' గృహం. ఇక ఎప్పటికీ జరగని పనులను అక్కడ ఉంచుతారు. ఒకసారి అందులో చేరిన పని మళ్ళీ బయటికి రాదు. చోటు బాగుంటుంది. వేళకు గంజి, సాయంత్రం బఠాణీలు. ఆదివారాలు బంధువులను రానిస్తారు కాబట్టి ఊరంతా అక్కడే ఉంటుంది. వచ్చినవాళ్ళు తమ పని పక్కన కూర్చుని, అది జరిగి ఉంటే ఎలా ఉండేదో హాయిగా చెప్పుకుని వెళ్తారు. చేయవలసింది ఏమీ ఉండదు కనుక అందరికీ ఆ చోటంటే ఇష్టం.

అరకమ్మకు మంచం ఎక్కడ వేస్తారో చూసి రావడానికి బంగార్నాయుడు ఒక ఆదివారం అక్కడికి వెళ్ళాడు. కిటికీ పక్కన హైస్కూలు మాస్టారు ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య పోయి కొంతకాలమైంది. ఆమెకు సైకిలు నేర్పుతానని ఆయన ఒకప్పుడు మాటిచ్చాడు. ఆ సైకిలు నేర్పడం ఇప్పుడు నెరిసిన జడతో, చేతిలో గాలి పంపుతో మంచం మీద కూర్చుని ఉంది. మాస్టారు బత్తాయి ఒలిచి, గింజలు తీసి, ఒక్కొక్క తొన ఆమె చేతిలో పెట్టాడు. ఆమె తినడం అయ్యాక చేతులు తుడుచుకుని, మళ్ళీ వారం వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.

బంగార్నాయుడు ఇంటికి వచ్చేసరికి సింహాచలం వరండా మెట్లు ఎక్కుతోంది. గోడ పట్టుకుని, ఒక మెట్టు మీద ఆగి, నవ్వి, ఇంకో మెట్టు ఎక్కింది. అరకమ్మ మోకాళ్ళు అచ్చంగా ఎవరి మోకాళ్ళో ఆయనకు అప్పుడు తెలిసింది.

మర్నాడే ఆయన అరకు టిక్కెట్ల కోసం స్టేషనుకు బయల్దేరాడు. కాని గుమ్మంలో పెరటిగోడ మరమ్మతు అడ్డంగా కూర్చుని ఉన్నాడు. "మా అందర్నీ ఇక్కడొదిలేసి దాన్నొక్కదాన్నే అంపుతావా, బావా?" అన్నాడు. అదీ నిజమే. కూలిన గోడను అలాగే వదిలి ఇంటికి తాళం వేయడం కుదరదు. కళ్ళజోడు మారకపోతే కొండలు కనిపించవు. పేరు మారకపోతే గ్యాసు రాదు, గ్యాసు లేకపోతే దారిలోకి పులిహోర లేదు. ముందు మిగిలినవాళ్ళను పంపించాలి.

ఇటువంటి వారికోసం పురపాలక సంఘం ఉచిత శిక్షణ ఇస్తుంది. శిక్షకుడు వినీత్ గారు విశాఖపట్నం నుంచి వచ్చి, చెవికి మైకు తగిలించుకుని, పూనిక, ప్రణాళిక, ఏకాగ్రత గురించి చాలా చక్కగా మాట్లాడాడు. ఆయన సొంత పనులు వెనకాలే ఒక వ్యానులో వచ్చి, హాలు బయట వేరుశనక్కాయలు తింటూ కూర్చున్నాయి. విజయం సాధించాలంటే తెల్లవారుజామున లేవాలనీ, రోజూ డైరీ రాయాలనీ, ధ్యానం చేయాలనీ ఆయన చెప్పాడు. బంగార్నాయుడు ఉత్సాహంగా ఇంటికి వచ్చి, ఇవన్నీ సోమవారం నుంచి మొదలుపెడదామన్నాడు. చీకటి పడేలోగా మూడు సంచులతో ముగ్గురు దిగారు. ధ్యానం ఉన్న ఒక్క ఫ్యాను కింద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు.

సింహాచలం అన్నం ఇంకొంచెం వండి వచ్చి, భర్త పక్కన కూర్చుంది.

"మీరు టైంకీపరు గదా. మిల్లులో మనుసులందర్నీ ఒక్కపాలే లోపలికి ఒదిలేసీవోరా?"

"అలగెలగొదుల్తారే? గేటు దగ్గర ఒక్కొక్కడే రావాల."

"మరింట్లో గేటేదీ?"

ఆయన లేచి వరండాలో ఒక కుర్చీ వేశాడు. పొద్దున ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటే ఆ రోజు ఆ పని ఒక్కటే. మిగిలినవాళ్ళందరినీ ఒక పేకదస్తా ఇచ్చి మేడ మీదికి పంపేవాడు. మొదట్లో వాళ్ళు మెట్ల మీదినుంచి తొంగిచూసి, తమ సంగతేమిటని కేకలేసేవారు. ఆట రసకందాయంలో పడ్డాక కిందికి రావడం మానేశారు. కుర్చీలో కూర్చున్నవాడికి మాత్రం కొంచెం బెరుకుగా ఉండేది. ఇన్నేళ్ళలో ఎవరూ అతని ముఖంలోకి అంత తిన్నగా చూసి ఉండరు.

మొదటి రోజు గోడ. తాపీమేస్త్రి వచ్చాడు, సిమెంటు వచ్చింది, పొద్దుగూకేసరికి గోడ లేచింది. లావుపాటాయన కళ్ళనీళ్ళు పెట్టుకుని, సంచి అందుకుని, వెళ్ళొస్తానన్నాడు.

"ఏటి బావూ, సీకటడిపోనాది. ఈపూటకుండి రేపెల్దువుగాని," అంది సింహాచలం.

ఆమె వేరే ఉద్దేశంతో అనలేదు. వెళ్తానన్న చుట్టాన్ని ఉండమనడం ఆ ఇంట్లో ఊపిరి తీసుకోవడం లాంటిది. ఆయన సంచి కింద పెట్టాడు. తెల్లారేసరికి కొత్త గోడ బీటలు వారి ఉంది.

సన్యాసిరావు వచ్చి చూసి, ఈ పట్టణంలో సగం ఇళ్ళు ఇలాగే నిండిపోయాయని చెప్పాడు. పని అయిపోతుంది, ఇంటివాళ్ళు రేపు వెళ్ళమంటారు, రేపన్నాక అది మళ్ళీ వాయిదా కిందికే వస్తుంది. వెళ్తానన్నవాళ్ళను వెళ్ళమనాలని ఆయన సలహా. సింహాచలం ఒప్పుకోలేదు. "ఇంటికొచ్చినోల్ని ఎల్లమని నానెలగంతాను బావూ? నా నోరు పడిపోదా?" పంపే పని బంగార్నాయుడు తీసుకున్నాడు. రెండోసారి గోడ లేచినప్పుడు గేటు దాకా బాగానే సాగనంపి, అక్కడ అలవాటు కొద్దీ కాఫీ తాగి వెళ్ళమన్నాడు. కాఫీ తర్వాత టిఫిను, టిఫిను తర్వాత కునుకు.

చివరికి ఉపాయం సింహాచలానికే తోచింది. వెళ్ళేవాళ్ళకు పళ్ళూ తాంబూలమూ ఇచ్చే ముందు, ఇద్దరూ తలా ఒక పెద్ద బెల్లం ముక్క నోట్లో పెట్టుకునేవారు. బుగ్గలు ఉబ్బిపోయి మాట పెగిలేది కాదు. కళ్ళతో నవ్వుతూ చేతులూపేవారు. వెళ్ళేవాళ్ళు ఇంత తీపిగా ఎవరూ సాగనంపలేదనుకుంటూ సంతోషంగా వీధి మలుపు తిరిగేవారు. గోడ నిలబడింది. కళ్ళజోడు మారింది. కొత్త అద్దాల్లోంచి మొదట చూసినది సింహాచలాన్నే. ఇంత నెరిసిపోయిందని ఆయనకు తెలియదు. గ్యాసు పేరు మార్పు అడిగిన జిరాక్సులన్నీ అందుకుని, పొంగిపోయి, వెళ్తూ వెళ్తూ సింహాచలం కాళ్ళకు దండం పెట్టాడు. నడక కుర్రవాడు బంగార్నాయుడితో స్టేషను దాకా నడిచి వెళ్ళి, అక్కడినుంచే ఎటో వెళ్ళిపోయాడు. తెల్లారి లేవడం, డైరీ, ధ్యానం తమను ఎవరూ నిజంగా కావాలనుకోలేదని తెలుసుకుని, ఒక పొద్దున వినీత్ గారి వ్యాను వెతుక్కుంటూ పోయారు.

దీపావళి మర్నాడు ముగ్గురూ రైలెక్కారు. అరకమ్మను ముందు ఎక్కించాలని చూశారు గాని, మొదటి మెట్టు మీదే ఆమె మోకాలు మొరాయించింది. వెనక నిలబడ్డవాళ్ళు తొందరపెట్టారు. సింహాచలం తన మోకాళ్ళ సంగతి మరిచిపోయి పైకి ఎక్కేసి, చెయ్యి అందించింది. కింద బంగార్నాయుడు భుజం ఆనించాడు. కూత వేయగానే, అంతకాలం ఆ కూతకు లేచి, మళ్ళీ కూర్చున్న మనిషి, ఒక్క ఊపున పెట్టెలో పడింది.

కొండ ఎక్కుతున్నకొద్దీ సొరంగాలు మొదలయ్యాయి. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లలు ఈలలు వేశారు. మొదటి సొరంగంలోంచి బయటపడేసరికి అరకమ్మ తల నల్లబడింది. తర్వాతిదాంట్లో ముడతలు పోయాయి. పులిహోర పొట్లాలు విప్పే వేళకు, మొట్టమొదటి సాయంత్రం వరండాలో కూర్చున్న పడుచుపిల్ల కిటికీ పక్కన కూర్చుని, లోయలోకి వంగి చూస్తూ నవ్వుతోంది. సింహాచలం కూడా అలాగే వంగి నవ్వుతోంది. బంగార్నాయుడు ఇద్దరినీ చూస్తూ చేతిలో ముద్ద తినడం మరిచిపోయాడు.

పొడవాటి సొరంగం ఒకటి వచ్చింది. వెలుతురు వచ్చాక కిటికీ పక్కన సీటు ఖాళీగా ఉంది.

అరకులో చలిగా ఉంది. సింహాచలం పసుప్పచ్చటి వలిసె చేల మధ్య నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత, ఒక స్వెట్టరు ఉంటే బాగుండునంది. బంగార్నాయుడు అక్కడికక్కడే కొనిచ్చాడు. ఆమె వేసుకుని, చేతులు చాచి చూసుకుని, ఆ పిల్ల ఎక్కడికి పోయిందోనని ఒక్కసారి అంది. ఆ రోజంతా వాళ్ళు కాఫీలు తాగుతూ, తిరుగుతూ, అలసిన చోటల్లా కూర్చుంటూ గడిపారు.

తిరిగొచ్చాక ఇంట్లో ఎవరూ లేరు. మేడ మీద పేకముక్కలు చక్కగా సర్ది ఉన్నాయి. సింహాచలం చేయి అలవాటుకొద్దీ ఎక్కువ బియ్యం పోసింది. మిగిలిన అన్నం చూసి ఇద్దరూ నవ్వుకున్నారు.

నవంబరులో పెన్షనుదారులు తాము బతికి ఉన్నట్టు రుజువు చూపించాలి. ఆ పట్టణంలో ఈ పని కూడా వాయిదాల విభాగమే చూస్తుంది. బంగార్నాయుడు భార్యను వెంటపెట్టుకుని, మొట్టమొదటిసారి గడువుకు ముందే వెళ్ళాడు. సన్యాసిరావు కుర్చీలు వేయించి, ఇంట్లో ఏ పనులు ఉంటున్నాయని అడిగాడు. ఏమీ లేవని బంగార్నాయుడు గర్వంగా చెప్పాడు. ఇన్‌స్పెక్టరు ముఖంలో నవ్వు పోయింది.

"ఒక్కటి కూడా లేదా?"

"లేదండి. అన్నీ అయిపోనాయి."

సన్యాసిరావు కలం కింద పెట్టి, చాలా మర్యాదగా విషయం వివరించాడు. మనిషి పోయిన రోజున ఆ ఇంట్లో పనులన్నీ ఒకేసారి లేచి, తాగిన గ్లాసులు కడిగి బోర్లించి, చెప్పులేసుకుని వెళ్ళిపోతాయి. తన అనుభవంలో ఒక్క పనీ లేని ఇల్లంటే అదే. బతికి ఉన్నవాళ్ళ ఇంట్లో ఏదో ఒకటి మిగిలి ఉండాలి. అంతకుమించి రుజువు ప్రభుత్వం అడగదు, అంతకు తక్కువ ఒప్పుకోదు.

"ఏదైనా ఒకటి చెప్పండమ్మా. చిన్నదైనా పర్లేదు," అన్నాడు సింహాచలం వైపు తిరిగి.

ఆమె కొంచెంసేపు గోడ మీద కేలెండరు చూసింది. భీమిలిలో సముద్రం ఒడ్డున చెప్పుల్లేకుండా నడవాలని ఎప్పటినుంచో ఉందని మెల్లగా చెప్పింది.

బంగార్నాయుడు ఠక్కున లేచాడు. ఆయనకు ఇప్పుడు పనులు ఆపుకునే అలవాటు పోయింది. పన్నెండింటి బస్సు ఉందనీ, ఇప్పుడే బయల్దేరవచ్చనీ నాలుక చివరిదాకా వచ్చింది. సింహాచలం ఆయన మోచేయి పట్టుకుంది.

"ఎప్పుడు వెళ్తారు?" అని కలం ఎత్తి అడిగాడు ఇన్‌స్పెక్టరు.

బంగార్నాయుడు ఆ కలాన్ని చూశాడు. స్వెట్టరులో ఉన్న భార్యను చూశాడు. ఆమె మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఎప్పటికంటే హాయిగా ఉంది.

"సూద్దాం," అన్నాడు.

ఆఫీసు గుమ్మం దగ్గర ఒక చిన్నపిల్ల వచ్చి నిలబడింది. భుజాన సంచి, చేతిలో చెప్పులు, పాదాలకు తడి ఇసుక. సింహాచలం లేచి వెళ్ళి, ఆమె చేతిలోంచి సంచి అందుకుని, ఎప్పుడు తిన్నావే తల్లీ అని అడిగింది. సన్యాసిరావు ఆ ఇద్దరూ బతికే ఉన్నారని రాసి, ముద్ర వేసి, తర్వాతి వాళ్ళను పిలిచాడు.