చప్పుడు లేదని ధ్రువీకరించిన కారు

కారుకు జబ్బు చేసినప్పుడు పరీక్షించవలసింది కారును కాదు, కారు గలవారిని. ఇంత చిన్న సంగతి తెలియక మానవజాతి ఇన్నేళ్లుగా చక్రాలు విప్పుకుంటూ, నట్లు బిగించుకుంటూ చేతులు మసి చేసుకుంది. ఆ చీకటి రోజులు గతించాయి. అధీకృత సర్వీసు కేంద్రంలో ఇప్పుడు ఎవరి చేతికీ మసి అంటదు. (మేనేజరు గారి చొక్కా అంత తెల్లగా ఉండటానికి కారణం సబ్బు కాదు.)

లెక్కల మాస్టారికి ఈ ప్రగతి గురించి తెలియదు. ఆయనకు తెలిసిందల్లా, స్టీరింగు కుడికి తిప్పితే కారు గరగరమంటుంది, ఎడమకు తిప్పితే నోరెత్తదు. అందుకని కొన్నాళ్లు ఆయన అన్నిచోట్లకీ ఎడమ మలుపులతోనే వెళ్లారు. వీధి చివర ఉన్న బడికి ఊరంతా చుట్టి చేరుకునేవారు. అలాగే కాలక్షేపం చేసేవారేమో గాని, శుక్రవారం ఆయన భార్యకు డ్రైవింగ్ పరీక్ష. లైసెన్సు చేతికొస్తే ఆసుపత్రిలో రక్తం శాంపిళ్లు కారులో చేరవేసే ఉద్యోగం ఆమెదే. ఆ ఉద్యోగం కోసం ఆమె యూనిఫాంకి కొలతలు కూడా ఇచ్చి వచ్చింది. చప్పుడు చేసే కారును మాత్రం పరీక్ష మైదానంలోకి రానివ్వరు.

దంపతులిద్దరూ సర్వీసు కేంద్రానికి వెళ్లి శబ్ద స్వీకరణాధికారి ముందు కూర్చున్నారు.

"కారు బయటే ఉందండీ. ఒక్కసారి కుడికి తిప్పి వినండి," అన్నారు మాస్టారు.

"కారు చేసే చప్పుడు చెల్లదు మాస్టారూ. ఒక్కొక్కరికి ఒక్కోలా వినిపిస్తుంది," అంటూ అధికారి మైకు ముందుకు జరిపారు. "మీరు నోటితో చేసి చూపించండి."

మాస్టారు గొంతు సవరించుకుని శక్తికొద్దీ చేశారు. అధికారి జాలిపడి మంచినీళ్లు తెప్పించారు.

"ఉండండి, నేను చేస్తా," అని ఆయన భార్య మైకు లాక్కుంది. ఆమె చేసిన గరగర ఎంత అచ్చంగా ఉందంటే, గుమ్మంలో నిలబడ్డ వాచ్‌మన్ కారొస్తోందనుకుని గోడకు అతుక్కుపోయాడు. క్యూలో వాళ్లంతా చప్పట్లు కొట్టారు.

అధికారి కళ్లు తుడుచుకున్నారు. "అద్భుతం తల్లీ! కానీ కారు మీవారి పేరున ఉంది. యజమాని గొంతే ప్రమాణం."

"ముందు చక్రం దగ్గర ఏదో రాసుకుంటోందండీ. ఒకసారి విప్పి చూస్తే తెలిసిపోతుంది కదా?"

"విప్పితే చప్పుడు ఆగిపోతుంది కదమ్మా! ఇక మేం దేనికి వైద్యం చేయాలి?"



ఆ సాయంత్రం వంటింట్లో సాధన మొదలైంది. "గొంతులోంచి కాదండీ, పొట్టలోంచి రావాలి. ఇప్పుడు మీరు చేసింది కిర్రు. మనది గర్రు," అని ఆమె గరిటెతో తాళం వేస్తూ నేర్పింది. పై వాటాలో ఉండే ఆయన దిగొచ్చి, మిక్సీ బాగు చేయిస్తే పుణ్యముంటుందని దణ్ణం పెట్టి వెళ్లాడు. ఇద్దరూ నవ్వు ఆపుకోలేక నేలమీద కూలబడ్డారు. మర్నాడు బడిలో మాస్టారు బోర్డు వైపు తిరుగుతూ అలవాటుగా గర్రుమంటే, ముందు వరసలో పిల్లలు బెంచీలు జరిపి దారిచ్చారు.

సర్వీసు కేంద్రంలో ఈసారి ఆయన గొంతు ఆమోదం పొందింది. నిపుణుల సంఘం దాన్ని హారన్ జబ్బుగా నిర్ధారించి హారన్ మార్చింది. చికిత్స ఫలించిందో లేదో చూడటానికి మాస్టారి చేత మళ్లీ చప్పుడు చేయించారు. ఆయన నిజాయితీగా, మొదటికన్నా బాగా చేశారు.

"అరెరె, ఇంకా ఉందే!" అని అధికారి నొచ్చుకున్నారు. వైపర్లు మార్చారు. మాస్టారి గర్రు ఇంకా మెరుగుపడింది. సీట్లు మార్చారు. (సీట్లు మెత్తగానే ఉన్నాయని మాస్టారు ఒప్పుకున్నారు.)

గురువారం సాయంత్రం అధికారి మైకు పెట్టి, "ఈసారి కూడా వస్తే కారు ఇక్కడే ఉంచాలి," అన్నారు. మాస్టారు భార్య ముఖం చూశారు. ఏ పిల్లాడికీ జాలిపడి ఒక్క మార్కు ఎక్కువ వేయని మనిషి ఆయన. నోరు తెరిచి, మూసి, "రావడం లేదండీ," అనేశారు.

సిబ్బంది అంతా లేచి చప్పట్లు కొట్టారు. 'ఈ వాహనమందు ఎట్టి శబ్దమును లేదు' అని ధ్రువపత్రం ఇచ్చారు. గేటు దాటి కుడికి తిరగ్గానే కారు గరగరమంది. దంపతులు ఒకరినొకరు చూసుకోలేదు.

శుక్రవారం ఆమె కారు నడిపిన తీరు చూసి వెనక సీట్లో కూర్చున్న మాస్టారి ఛాతీ ఉప్పొంగింది. ఎక్కడా తడబడలేదు, ఏ గీతనూ తొక్కలేదు. పక్కనున్న పరీక్షాధికారి కూడా ముగ్ధులై, "చివరిగా కుడివైపు గుండ్రంగా తిప్పుతూ ఉండండమ్మా," అన్నారు.

గరగర మొదలైంది. పరీక్షాధికారి ఉలిక్కిపడి, ధ్రువపత్రం తీసి చదువుకుని, కుదుటపడ్డారు. తర్వాత నియమం ప్రకారం అడిగారు. "చప్పుడేమైనా వినిపిస్తోందా?"

మాస్టారు వెనకనుంచి ఆమె భుజం గిల్లారు. కానీ వారమంతా ఆ చప్పుడును పొట్టలోంచి పలికించిన మనిషి లేదని ఎలా అంటుంది?

"వినిపిస్తోందండీ. ముందు కుడి చక్రం దగ్గర."

పరీక్షాధికారి బాధగా తల ఊపారు. కారులో చప్పుడు లేదని యజమాని స్వయంగా నిరూపించుకున్నాడు కాబట్టి, లోపం ఆమె చెవుల్లో ఉన్నట్టు లెక్క. నిన్న తనన్న ఒక్క అబద్ధమే ఆమె ఉద్యోగాన్ని మింగేసిందని మాస్టారికి అర్థమయ్యేసరికి పరీక్షాధికారి కలం కాగితం మీద కదిలిపోయింది.

లేని చప్పుళ్లు వినిపించేవారికి లైసెన్సు ఇవ్వడం కుదరదని పరీక్షాధికారి ఎంతో మర్యాదగా చెప్పారు. కారు ఇంకా కుడికి తిరుగుతూనే ఉండటం వల్ల, ఆ మాట ఆమెకు వినపడేలా రెండుసార్లు అరవవలసి వచ్చింది.